కేవడా, మొగలి: ఒకే ఖుష్బూకి రెండు పేర్లు



మా నానీమాకి ఒక టేకు సందూక్ ఉండేది. అందులో ఈద్ బట్టలు, ఒక ముసల్లా, పాత గుడ్డలో చుట్టిన మెహర్ కాగితం, అడుగున గాజు బిరడా ఉన్న ఒక చిన్న సీసా. ఆ సీసాలో కేవడా. షీర్‌ఖుర్మా దించేముందు ఒక్క చుక్క, బిర్యానీ హండీ దమ్ మీద పెట్టేముందు రెండు చుక్కలు. మూడో చుక్క వేస్తే నానీమా చెయ్యి పట్టుకునేది. "దవా లాగా వెయ్యాలి బేటా, నీళ్ళలా కాదు" అనేది.

నరసాపురంలో మా పక్కింట్లో ఒక పంతులమ్మగారు ఉండేవారు. మంచావిడ. కానీ ఒక మాట ఆవిడ నోట తరచూ వచ్చేది: "మీ ఇంట్లోంచి ఎప్పుడూ ఏదో సాయిబుల వాసన వస్తుందండీ బూబమ్మగారూ." తిట్టుగా అనలేదు. అయినా ఆ మాట నాలో ఉండిపోయింది. బడిలో నా చొక్కా వాసన నేనే చూసుకునేవాణ్ణి.

ఒక ఈద్ నాడు నానీమా షీర్‌ఖుర్మా గిన్నె నా చేత పంపింది. పంతులమ్మగారు గుమ్మంలో జడ వేసుకుంటున్నారు. జడలో మొగలి రేకులు. ఆ రోజుల్లో మొగలి రేకులు బీరువాలో చీరల మధ్య కూడా పెట్టుకునేవారు. ఆవిడ గిన్నె మీద మూత తీసి, ఒకసారి వాసన చూసి, తన జడ ముందుకు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ గిన్నె వాసన చూశారు. అలాగే గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. "బూబమ్మగారూ, మీ సీసాలో ఉన్నది మా మొగలే కదండీ!"

నానీమా నమ్మలేదు. కేవడా అంటే లక్నో నుంచో కన్నౌజ్ నుంచో వచ్చేదని ఆమె యఖీన్. మా మొహల్లాలో అందరికీ అంతే. కాలవ గట్టున ముళ్ళతో ఉండే పొదకీ, సందూక్‌లో దాచుకునే సీసాకీ ఏం రిష్తా? ఇంట్లో మేము ఉర్దూలో కేవడా అనేవాళ్ళం. బయట తెలుగులో మొగలి అనేవాళ్ళం. రెండు జుబాన్‌ల మధ్య ఒక పువ్వు రెండైపోయింది.

ఈ వ్యాసం ఆ పువ్వు తారీఖ్ గురించి, దాని తేల్‌లో అసలేముందన్నదాని గురించి.

ముందు పొద సంగతి. గోదావరి జిల్లాల వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కాలవ గట్లమీద, సముద్రం దగ్గర ఇసక నేలల్లో, కొబ్బరి తోటల కంచెల్లో పెరుగుతుంది. కత్తి లాంటి పొడుగాటి ఆకులు, అంచుల్లో రంపపు పళ్ళు, కింద నేలలోకి దిగిన ఊతవేళ్ళు. పాత తెలుగులో దీన్ని గేదగి అని కూడా అన్నారు, సంస్కృతంలో కేతకి. మొగలి పొదలో పాము ఉంటుందని మా ఊళ్ళో పిల్లలందర్నీ భయపెట్టేవారు. వాసనకే పాము వస్తుందంటారు గానీ, నా ఖయాల్‌లో గట్టునున్న ఏ దట్టమైన పొదలోనైనా కప్పలుంటాయి, ఎలుకలుంటాయి, వాటికోసం పాము వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఖుష్బూ అంతా మగ చెట్టు పూలదే. లేత పసుపు, తెలుపు రేకుల్లా కనిపించేవి నిజానికి పూరేకులు కావు, పూగుత్తిని చుట్టుకుని ఉండే ఆకులు. ఆడ చెట్టుకి అనాసపండు లాంటి కాయ కాస్తుంది, దానికి ఆ పరిమళం ఉండదు. కొమ్మ విరిచి గుచ్చితే మొగలి నాటుకుంటుంది. అందుకే ఒకే చెట్టు కొమ్మలతో గట్టు పొడవునా కంచె కట్టేసేవారు.

నరసాపురం పక్కనే మొగల్తూరు. పెద్దవాళ్ళు మొగలితుర్రు అనేవారు. చిన్నప్పుడు మా మామూ ఒకరు "అది మొగలుల ఊరు రా, ఔరంగజేబు జమానాది" అని గొప్పగా చెప్పేవారు. పంతులమ్మగారు "కాదండీ, మొగలి పొదల ఊరు" అనేవారు. ఇద్దరూ కాలవ రేవులో నిలబడి వాదించుకోవడం చూశాను. నా ఓటు పంతులమ్మగారికే. మామూకి చెప్పే ధైర్యం అప్పట్లో లేదు.

ఇక ఈ పువ్వు కాగితాల మీదకి ఎక్కిన తీరు చూడండి. దీని శాస్త్రీయ నామం పాండానస్ ఒడోరిఫర్. పాండానస్ అన్నది మలయ్ భాషలోని పాండన్ అనే మాట నుంచి వచ్చింది. ఒడోరిఫర్ అంటే పరిమళాన్ని మోసేది. ఆ రెండో మాట పెట్టినవాడు పీటర్ ఫోర్‌స్కోల్ అనే స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో యెమెన్ వెళ్ళి, 1763లో అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. అతని రాతల్ని సహచరుడు కార్‌స్టెన్ నీబూర్ 1775లో అచ్చువేయించాడు. అందులో ఈ మొక్క పేరు ఏమని ఉందో తెలుసా? కేవ్‌రా ఒడోరిఫెరా. ఆ పేరు చూసి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఎడారి దేశంలో చనిపోయిన ఒక యూరప్ వాడి పుస్తకంలో మా నానీమా సీసా పేరు!

అరబ్బీలో దీన్ని కాదీ అంటారు. యెమెన్‌లోనూ, సౌదీలోని జాజాన్ ప్రాంతంలోనూ ఈనాటికీ కాదీ పువ్వంటే ఇష్టం. ఉమ్రాకి వెళ్ళిన మన వాళ్ళలో ఎవరైనా కాదీ అత్తర్ సీసా కొనుక్కొచ్చి ఉంటే, వాళ్ళు సముద్రం దాటి వెళ్ళి మన కాలవ గట్టు వాసననే కొని తెచ్చుకున్నట్టు.

ఫోర్‌స్కోల్ తర్వాత ఈ పువ్వుని బాగా చూసినవాడు మన గోదావరి గుమ్మంలోనే కూర్చున్నాడు. విలియం రాక్స్‌బరో. ఈస్టిండియా కంపెనీ డాక్టర్. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు, మల్బరీ పెంచి చూశాడు. దేశీ చిత్రకారుల్ని పెట్టుకుని ఈ తీరంలోని మొక్కల్ని ఒక్కొక్కటే బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోయాడు. ఆ బొమ్మలే 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా వెలువడ్డాయి. అందులో మొగలి ఉంది, తెలుగు పేరుతో సహా. లోకంలోని పరిమళాలన్నిటిలోకీ గాఢమైనది ఇదేనన్నట్టు రాశాడు. అసలు వాసన మగ పూల లేత ఆకులదేనని కూడా అతను అప్పుడే గుర్తించాడు.

కానీ నన్ను ఆపేసింది ఆ పరిమళం గురించిన మాట కాదు. మొగలి కాయ అడుగున ఉండే పచ్చటి గుజ్జునీ, ఆకుల మొదట్లోని తెల్లటి లేత భాగాన్నీ కరువు రోజుల్లో జనం తింటారని అతను రాశాడు. పుస్తకంలో చదివి రాసింది కాదది. 1789 నుంచి 1792 దాకా ఉత్తర సర్కారుల్లో పడిన ఘోరమైన కరువు నడుమ అతను సామర్లకోటలోనే ఉన్నాడు. ఆ కరువు గురించి అతను రాసిన ఉత్తరాలు తర్వాతి కరువు నివేదికలకు ఆధారమయ్యాయి. మనం ఖుష్బూ అని సందూక్‌లో దాచుకున్న చెట్టునే మన పూర్వీకులు, హిందువులూ ముస్లిములూ, ఆకలికి నమిలారు. రుచి అస్సలు బాగుండదట. ఆ వేరు మెత్తగా బెండులా ఉంటుందని, జనం దాన్ని సీసాలకి బిరడాగా వాడుతున్నారని కూడా రాశాడు. మా నానీమా సీసాకి గాజు బిరడా గానీ, అంతకు ముందు తరం వాళ్ళ సీసా మూత ఏమిటో అని ఆలోచిస్తుంటాను.

ఇక పువ్వులోంచి ఖుష్బూని బయటికి తీసే ఇల్మ్ సంగతి. మన మహ్‌ఫిల్‌లలో ఒక మాట తరచూ వింటాం: అత్తర్ బట్టీ కనిపెట్టింది ఇబ్నె సీనా అని. ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం. కానీ తారీఖ్ అలా లేదు. ఇబ్నె సీనా పుట్టడానికి వందేళ్ళకు ముందే, తొమ్మిదో శతాబ్దంలో, బగ్దాద్ జమానా ఫల్సఫీ అల్ కిందీ ఇత్ర్ తయారీ గురించీ, బట్టీ పట్టడం గురించీ ఒక పూర్తి కితాబే రాశాడు. నూరుకు పైగా నుస్ఖాలు అందులో ఉన్నాయి. ఆవిరిని చల్లార్చి ద్రవంగా పట్టే పద్ధతి అంతకంటే పాతది, యూనానీ వాళ్ళకీ తెలుసు. ఇబ్నె సీనా గొప్పతనం వేరే చోట చాలా ఉంది, ఇదొక్కటీ ఆయన ఖాతాలో వేయనక్కర్లేదు.

హిందుస్తాన్‌లో అక్బర్ జమానాలో అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో ఖుష్బూలకి ఒక విభాగమే కేటాయించాడు. పరిమళించే పూల జాబితాలో కేత్‌కీ, కేవడా రెండూ వేర్వేరుగా ఉన్నాయి. ఆ తర్వాత జహంగీర్ తన తుజుక్‌లో ఇంకో సంగతి రాశాడు. నూర్జహాన్ అమ్మ అస్మత్ బేగం గులాబ్ జల్ కాస్తున్నప్పుడు పళ్ళెంలో పైకి తేలిన నూనె తెట్టెను చూసి, దాన్ని కొంచెం కొంచెంగా పోగు చేసింది. దానికి సలీమా సుల్తాన్ బేగం ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టింది. ఒక ఔరత్ వంటింటి నిఘాకి దొరికిన వస్తువు అది. పేరు మాత్రం పాద్‌షాకి పోయింది!

మన దక్కన్ కూడా వెనకబడలేదు. బీజాపూర్‌లో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కోసం ఇత్రె నౌరస్ షాహీ అనే ఫార్సీ గ్రంథం రాశారు, పూర్తిగా ఖుష్బూల మీదే. ఇలాంటి ఇల్మ్ ఉన్న దక్కన్ హుకూమత్‌లలో ఒకటైన గోల్కొండ కిందే 1687 దాకా మన రాజమండ్రి ఉంది.

ఇక్కడే అసలు సవాల్. పువ్వు మన గట్టున ఉంది. ఇల్మ్ మన దక్కన్‌లో ఉంది. మరి కేవడా బట్టీ గోదావరిలో ఎందుకు లేదు? గంజాంలో ఎందుకుంది?

ఔను, ఇవాళ హిందుస్తాన్‌లో కేవడా అంటే గంజాం. ఒడిశాలో ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి ప్రాంతాలు. మన ఇచ్ఛాపురం దాటితే వచ్చే నేల. అక్కడి కేవడా పువ్వుకీ, కేవడా రూహ్‌కీ జీఐ గుర్తింపు ఉంది. అది పరాయి దేశమేం కాదు. మొగల్ జమానాలో చికాకోల్, అంటే మన శ్రీకాకుళం సర్కారులో భాగం గంజాం. దాని పక్కది రాజమహేంద్రి సర్కారు. రెండూ 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చిన ఉత్తర సర్కారుల్లోవే. 1765లో షా ఆలం ఫర్మానాతో కంపెనీకి పోయినవీ అవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, గోదావరి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే. బరంపురంలో ఈనాటికీ మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు.

నాకు తోచిన జవాబు ఇది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ప్రతి గట్టుకీ, ప్రతి ఎకరానికీ ఖీమత్ పెరిగింది. నీళ్ళు వస్తే వరి, గట్టుంటే కొబ్బరి. మొగలి కంచె మాత్రమే అయ్యింది. గంజాం తీరంలో అలాంటి కాలవలు లేవు, ఇసక నేల, మెట్ట. అక్కడ మొగలి కంచె మాత్రమే కాదు, ఫసల్. కన్నౌజ్ అత్తర్ వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చి అక్కడ బట్టీలు పెట్టారు. మనకి వరి దక్కింది, వాళ్ళకి రూహ్ దక్కింది. ఏది మేలని నన్నడగకండి, ఆకలి ఉన్నవాడు వరే కోరుకుంటాడు.

కొన్నేళ్ళ కిందట వానాకాలంలో రాజమండ్రిలో రైలెక్కి బరంపురంలో దిగి ఒక బట్టీ చూసి వచ్చాను. పూలు తెల్లవారుజామునే కోసుకొస్తారు, ఎండెక్కితే వాసన పోతుంది. గోనె సంచుల్లో మూటలుగా వస్తాయి, లెక్క పువ్వుకింత అనే. రాగి డేగ్‌లో పూలు వేసి, నీళ్ళు పోసి, మూత అంచులకి మట్టీ దూదీ కలిపిన ముద్ద పెట్టి మూస్తారు. మూతలోంచి తాడు చుట్టిన వెదురు గొట్టం ఒకటి, దాన్ని చోంగా అంటారు, పక్కనే నీళ్ళ తొట్టెలో మునిగి ఉన్న రాగి భప్‌కాలోకి దిగుతుంది. కింద కట్టెల మంట. థర్మామీటరు లేదు, గడియారం కూడా ఎవరూ చూడటంలేదు. కారీగర్ తొట్టెలో చెయ్యి పెట్టి భప్‌కా ఒంటిని తాకి చూస్తాడు. అంతే, మంట తగ్గించాలో వద్దో తెలిసిపోతుంది. భప్‌కాలో ముందే గంధపు నూనె పోసి ఉంటే ఆవిరిలోని పరిమళం దానిలో కూర్చుని అత్తర్ అవుతుంది. గంధపు నూనె లేకుండా పదేపదే బట్టీ పట్టి, నీళ్ళ మీద తేలిన అసలు నూనెని తీస్తే రూహె కేవడా. మిగిలిన నీళ్ళు అర్కె కేవడా, కేవడా జల్. వేల పూలు ఉడికితే రూహ్ గ్రాముల్లో వస్తుంది.

ఆ కారీగర్ మాట్లాడేది ఒడియా. కానీ డేగ్, భప్‌కా, అర్క్, రూహ్, అత్తర్ అన్నీ అలాగే ఉన్నాయి అతని నోట. నేను నాకొచ్చిన ఉర్దూలో అడిగితే, అతను తెలుగులో జవాబిచ్చాడు. "మా అమ్మది సోంపేట అండీ."

ఇప్పుడు సీసా లోపలికి వెళదాం. రూహె కేవడాని ప్రయోగశాలలో యంత్రంలో పెట్టి భాగాలుగా విడగొడితే పదుల కొద్దీ పదార్థాలు కనిపిస్తాయి. వాటిలో రాజు ఒక్కటే: ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. నమూనాని బట్టి మొత్తం నూనెలో మూడో వంతు పైనుంచి మూడొంతుల దాకా అదే ఉంటుంది. మనం కేవడా అని గుర్తుపట్టే ఆ తియ్యటి, ఘాటైన తొలి దెబ్బ దానిదే.

దీనికి ఒక బహన్ ఉంది. పేరు ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్. గులాబ్ జల్‌కి గులాబీ వాసన ఇచ్చేది ప్రధానంగా అదే. రెండింటి ఖాందాన్ ఒకటే: ఆరు కార్బన్ల వలయం, దానికి రెండు కార్బన్ల తోక, తోక చివర ఆక్సిజన్. గులాబీ దాంట్లో ఆ ఆక్సిజన్‌కి హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది. కేవడాలో ఆ హైడ్రోజన్ చోట ఒక మిథైల్ గుంపు వచ్చి కూర్చుంటుంది. తేడా అంతే. ఈ చిన్న తేడా వల్లనే గులాబీది నీళ్ళలో బాగా కరిగి గులాబ్ జల్ ఘుమఘుమలాడుతుంది. కేవడాది నీళ్ళలో సరిగా కరగక పైకి తేలుతుంది. మన బుజుర్గులు ఈ రెండింటినీ ఒకే పళ్ళెంలో ఎందుకు పెట్టారో ముక్కుకి ముందే తెలుసు, కెమిస్ట్రీకి తర్వాత తెలిసింది.

రెండో స్థానంలో తరచూ కనిపించేది టెర్పినెన్ ఫోర్ ఆల్. ఆ తర్వాత ఆల్ఫా టెర్పినియోల్, కొంచెం ఆ గులాబీ బహన్, ఇంకా బోలెడన్ని చిల్లర. మొగలిలోని ఆ కొంచెం చేదు, కొంచెం పచ్చి ఆకు, కొంచెం కాలవ నీటి చల్లదనం ఈ చిల్లరదే.

ఇక్కడే మోసం మొదలవుతుంది. ఆ రాజు అణువుని ఫ్యాక్టరీలో తేలిగ్గా, చౌకగా తయారు చేయవచ్చు. అది జహర్ కాదు, చట్టం ఒప్పుకున్న పరిమాణంలో తిండిలో వాడొచ్చు. కానీ రాజొక్కడే ఉంటే దర్బార్ అవుతుందా? కిరాణాలో దొరికే చాలా కేవడా సీసాల మీద కృత్రిమ పరిమళం అని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనం చదవం. ఆ సీసాలో మూడు చుక్కలు పడితే బిర్యానీ సబ్బులా వాసన రావడానికి కారణం ఇదే. అత్తర్‌లో సంగతి ఇంకోటి. గంధం ఖరీదు ఆకాశానికంటాక భప్‌కాలో గంధపు నూనె బదులు పారఫిన్ నూనె వాడే వాళ్ళు వచ్చారు. సీసా మీద కేవడా అత్తర్ అనే ఉంటుంది, చెయ్యి మీద రాసుకున్న గంటకి ఏమీ మిగలదు. ఇక గంజాం రూహ్‌కి పెద్ద గిరాకీ మన బిర్యానీ నుంచి కాదు. పాన్ మసాలా, జర్దా పొగాకు నుంచి. నోటి కేన్సర్ తెచ్చే పొట్లానికి ఈ పువ్వు వాసన పూయడం తలుచుకుంటే బాధేస్తుంది.

దవా సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మన ఇళ్ళలో అర్కె కేవడా అంటే దిల్‌కి తాఖత్ అని ఇప్పటికీ చెబుతారు. యూనానీ హకీములు దీన్ని ముఫర్రిహ్, ముఖవ్వియె ఖల్బ్ అన్నారు. మనసుకి హాయినిచ్చేది, గుండెకి బలమిచ్చేది అని. హాయి మాట నేను కాదనను. తలనొప్పికి నూనె రాసి, కాళ్ళ నొప్పులకి మర్దన చేసి ఎందరో సుకూన్ పొందారు.

ప్రయోగశాలలో ఏం తేలింది? గాజు పళ్ళెంలో పెంచిన కొన్ని బాక్టీరియాలనీ, బూజులనీ మొగలి నూనె అడ్డుకుంది. ఇందులో వింతేం లేదు. ఇందాకటి టెర్పినెన్ ఫోర్ ఆల్ ఆస్ట్రేలియా టీ ట్రీ నూనెకి కూడా ప్రాణం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ నూనెలో అది కనీసం మూడో వంతు దాకా ఉండాలి. సూక్ష్మజీవి కణం చుట్టూ ఉండే పొరని అది దెబ్బతీస్తుంది, లోపలిది బయటికి కారిపోతుంది. కాబట్టి కేవడా రూహ్‌కి కొంత ఆ గుణం ఉండటం సహజం. కానీ గాజు పళ్ళెం వేరు, మనిషి ఒళ్ళు వేరు. మనం తాగే అర్క్‌లో ఆ పదార్థం ఉండేది లేశమాత్రం. చిక్కటి నూనెని తిన్నగా చర్మానికి పూస్తే కొందరికి మంట, దద్దుర్లు. తాగడం మాత్రం ఎవరూ చేయకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొగల్తూరు మాట చెప్పానే, ఆ మామూ. ఒక రాత్రి ఛాతీలో బరువుగా ఉందన్నారు, చెమటలు పట్టాయి. ఇంట్లో వాళ్ళు ముందు అర్కె కేవడా చెంచాడు నీళ్ళలో కలిపి ఇచ్చారు. కాసేపు పడుకోమన్నారు. వాసనకి హాయిగా ఉందన్నారట ఆయన. ఆటో పిలిచేసరికి గంట దాటింది. ఆ గంట ముందే ఆస్పత్రికి వెళితే బతికేవారో లేదో అల్లాహ్‌కే ఎరుక. కానీ ఆ చెంచా పట్టుకున్న ముమానీ ఆ తర్వాత మళ్ళీ కేవడా సీసా ముట్టుకోలేదు. ఛాతీలో బరువైతే 108కి ఫోన్ చేయండి. కేవడా షీర్‌ఖుర్మాకి.

మన దీన్‌లో ఖుష్బూకి ఉన్న స్థానం వేరు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఖుష్బూని ఇష్టపడేవారు, ఎవరైనా ఇస్తే కాదనేవారు కాదు. జుమా రోజు గుస్ల్ చేసి ఇత్ర్ రాసుకోవడం సున్నత్. ఆ సున్నత్‌కి దవా అన్న సాకు అవసరం లేదు. హాయిగా ఉంటే చాలు.

పంతులమ్మగారు ఒకసారి ఇంకో సంగతి చెప్పారు. వాళ్ళ పురాణంలో కేతకి పువ్వు అబద్ధపు సాక్ష్యం చెప్పిందని, అందుకే శివుడి పూజకి అది పనికి రాదని. "గుళ్ళో వద్దన్న పువ్వు మా జడలోకి వచ్చింది, మీ హండీలోకి వచ్చింది" అని నవ్వారు. ఆ ఈద్ తర్వాత ఆవిడ ఇంకెప్పుడూ సాయిబుల వాసన అనలేదు. మొగలి పూలు కాసినప్పుడల్లా ఒకటి మా నానీమాకి పంపేవారు. నానీమా దాన్ని ముసల్లా మడతలో పెట్టుకునేది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ కాలవ గట్టుకి ఈమధ్య వెళ్ళాను. సగం దాకా కాంక్రీటు లైనింగ్ వేశారు. అటువైపు పొలాలన్నీ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఒక్కచోట మాత్రం మొగలి పొద ఉంది. దాన్నీ చెరువు గట్టు వెడల్పు చేయడానికి మర్నాడు కొట్టేస్తారట. చెరువు కాపలా ఉండే కుర్రాణ్ణి అడిగితే, "పట్టుకెళ్ళండి సాయిబుగారూ, ముళ్ళు జాగ్రత్త" అని తనే కత్తితో మూడు కొమ్మలు నరికిచ్చాడు. అది మగ పొదా, ఆడ పొదా అని అడిగాను. పూయగా తను చూడలేదన్నాడు.

కొమ్మలు మా పెరట్లో నుయ్యి పక్కన గుచ్చాను. ఒకటి ఎండిపోయింది. రెండు చిగురు వేశాయి. పూత రావడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. మగదైతే ఖుష్బూ, ఆడదైతే కంచె.